సుందరయ్యగారు కట్టిన ఊరి లెక్క

హైదరాబాదుకు పడమటి దిక్కున వున్న మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ఒకప్పుడు రాళ్ళగుట్టలు, చెరువులు, మెట్టచేలు వున్న ఊళ్ళు. 1998లో హైటెక్ సిటీ మొదటి భవనం తెరిచారు. ఆ తర్వాత చూస్తుండగానే అద్దాల మేడల వరస లేచింది. ఆ మేడలకు పునాదులు తవ్వినవాళ్ళలో, ఇటుకలు మోసినవాళ్ళలో పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి వలస వచ్చిన కూలీలు ఎందరో. అదే గచ్చిబౌలిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం కూడా వుంది. పనికి పోతూ ఆ పేరు చూసిన కూలివాడు ఈయనెవరని అడిగితే చెప్పాల్సిన సంగతులు చాలా వున్నాయి. అన్నీ ఇక్కడ పట్టవు. ఈ శీర్షిక చదివేవాళ్ళకు పనికొచ్చే ఒక్క సంగతి చెప్పుకుందాం: ప్రతిపక్షంలో వున్న పార్టీకి లెక్కలు చెప్పేదెవరు?

ప్రభుత్వానికి ఈ బాధ లేదు. సెక్రటేరియట్ వుంది, గణాంకశాఖ వుంది, తహశీల్దారు ఆఫీసులో అడంగలు వుంది. అది చాలకపోతే డబ్బిచ్చి సలహాదార్లను తెచ్చుకుంటుంది. 1999లో అప్పటి తెలుగుదేశం ప్రభుత్వం విజన్ 2020 అనే పత్రాన్ని మెకిన్సీ అనే విదేశీ సలహా కంపెనీ సాయంతో తయారు చేయించింది గదా. వ్యవసాయం మీద బతికేవాళ్ళ వాటా తగ్గించాలన్నది అందులోని ఆలోచనల్లో ఒకటి. సేద్యం వదిలినవాళ్ళు ఎక్కడికి పోవాలి, ఏం తినాలి అని ఆ వాళ్ళనే ఎవరూ అడగలేదు. ప్రతిపక్షం దాన్ని ఎదిరించాలంటే కేకలు చాలవు, దాని దగ్గర తన లెక్క వుండాలి. ఆ లెక్క ఎక్కడ దొరుకుతుంది? ఈ ప్రశ్న సుందరయ్యగారికి చిన్నతనం నుంచే ఎదురైంది.

పుచ్చలపల్లి సుందరయ్యగారు 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టారు. భూములున్న ఇల్లు. అసలు పేరు సుందరరామిరెడ్డి. కులం తెలిపే తోకను తానే కత్తిరించుకున్నారు. ఆరేళ్ళ వయసులో తండ్రి పోయాడు. మద్రాసు లయోలా కాలేజీలో చదువుతూ 1930లో ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో చదువు వదిలేసి జైలుకు పోయారు. అప్పటికి పదిహేడేళ్ళు. తిరిగి వచ్చాక సొంత ఊళ్ళోనే పని మొదలుపెట్టారు. హరిజనవాడ కూలీలను కూడగట్టారు, వాళ్ళతో కలిసి కూర్చొని అన్నం తిన్నారు, రాత్రిబడి నడిపారు, సరుకుల దుకాణం పెట్టించారు. భూస్వామి కొడుకు కూలీల పక్షాన నిలబడితే ఇంట్లోవాళ్ళు, ఊరి పెద్దలు ఏమనివుంటారో చెప్పనక్కరలేదు. కూలి ఎంత, ధాన్యం ఎంత, ఏడాదిలో పని దొరికే రోజులెన్ని అనే విషయాలు ఆయన పుస్తకాల కంటే ముందు అక్కడే నేర్చుకున్నారు.

1946లో విశాలాంధ్రలో ప్రజారాజ్యం అనే పుస్తకం రాశారు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రమే లేదు. తెలంగాణ నిజాం కింద వుంది, కోస్తా, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో వున్నాయి. తెలుగువాళ్ళంతా ఒక రాష్ట్రంగా వుంటే భూమి, నీళ్ళు ఎలా వాడుకోవాలో అందులో చర్చించారు. పార్టీ మీద నిర్బంధం వున్నా, అధికారం కనుచూపు మేరలో లేకపోయినా, రేపు మనం ఏం చేస్తామో ఇవాళే చెప్పాలనేది ఆయన పద్ధతి. తర్వాత వచ్చిన తెలంగాణా సాయుధ పోరాటంలో అజ్ఞాతంలో వుండి నాయకత్వం వహించారు. ఆ పోరాటంలో పది లక్షల ఎకరాలు పేదలకు పంచినట్టు, నాలుగు వేల మంది ప్రాణాలు పోయినట్టు 1972లో వచ్చిన తన పెద్ద పుస్తకంలో నమోదు చేశారు.

1952లో రాజ్యసభలో కమ్యూనిస్టు బృందానికి నాయకుడయ్యారు. పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళేవారన్న సంగతి అందరూ చెప్పుకునేదే. 1955లో గన్నవరం నుంచి శాసనసభకు వచ్చారు. ఆ ఎన్నికల్లో కమ్యూనిస్టులకు 31 శాతం ఓట్లు పడినా దక్కిన సీట్లు 15 మాత్రమే. సభలో చేతులెత్తి గెలిచే అవకాశం లేదు. ఇక మిగిలింది విషయం మీద పట్టు. మాసూలు, శిస్తు, ప్రాజెక్టులు, నీటి వాటా, ఏది చర్చకు వచ్చినా ఆయన అంకెలతో లేచేవారు. కృష్ణా గోదావరి నీళ్ళ మీద ఆయన చేసిన అధ్యయనాన్ని ఇంజనీర్లు కూడా తేలిగ్గా తీసేయలేదు. వినేవాడికి ఒక్కోసారి ఆ అంకెలు బరువయ్యేవంటే అబద్ధం కాదు. ఉపన్యాసంతో ఊపేసే రకం కాదాయన.

అసలు సంగతి 1973, 74లది. అప్పటికి ఆయన మార్క్సిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి. రాష్ట్రంలో భూసంస్కరణల చట్టం వచ్చింది. మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు గరిష్ఠ పరిమితి అన్నారు. మిగులు భూమి ఎంత తేలుతుందో సర్కారు కాగితాలను బట్టి చూస్తే ఏమీ తేలేటట్టు లేదు. కాగితం మీద భూమి కొడుకుల పేర, కోడళ్ళ పేర, బంధువుల పేర ఎప్పుడో చెదిరిపోయింది. మరి ఊళ్ళో భూమి ఎవడి చేతిలో వుందో తెలిసేదెలా? ఇల్లిల్లూ తిరిగి అడగాలి. 1974లో గుంటూరు జిల్లా డెల్టాలోని అనంతవరంలో, కాజలో ఆ పని జరిగింది. అరవై దాటిన పార్టీ నాయకుడు ఊరి సర్వేకు పూనుకోవడం అప్పుడూ ఇప్పుడూ అరుదే.

ఆ సర్వేలో ఎకరాలు లెక్కపెట్టి వదిలేయలేదు. ఎకరాలు మోసం చేస్తాయి. కాలువ కింద అయిదెకరాలూ అనంతపురం మెట్ట అయిదెకరాలూ ఒకటి కావు. ఒకే ఊళ్ళో అయిదెకరాలున్న ఇద్దరిని చూడండి. ఒకడి ఇంట్లో మొగుడూ పెళ్ళాం పొద్దస్తమానం బురదలో వుంటారు, కోతలప్పుడు మాత్రమే నలుగురు కూలీలను పిలుస్తారు. రెండోవాడు గట్టు మీద గొడుగు పట్టుకొని నిలబడతాడు, పనంతా కూలీలదే. ఇద్దరూ రైతులేనా? అంచేత సొంత చెమట ఎంత, పరాయి చెమట ఎంత అన్నదే కొలమానం అయింది. ప్రధానమైన సేద్యపు పనుల్లో కుటుంబం చెయ్యి పెడుతుందా లేదా, కూలీల రోజులెన్ని, ఇంటివాళ్ళ రోజులెన్ని అన్నది చూసి భూస్వామి, ధనికరైతు, మధ్యతరగతి రైతు, పేదరైతు, కూలి అని విడదీశారు. రైతాంగంలో వర్గవిభజన మీద ఆ ఫలితాలు 1977లో సోషల్ సైంటిస్ట్ పత్రికలో అచ్చయ్యాయి.

ఇలాంటి లెక్క కట్టడం డిగ్రీ వుంటే సరిపోయే పని కాదు. అప్పెంత, వడ్డీ ఎంత, పాలేరుకు ఏడాదికి ఏం ఇచ్చావు అని పరాయివాడు వచ్చి అడిగితే ఎవరు చెబుతారు? కూలీల సంఘంలో వున్న మనిషి అడిగితే చెబుతారు. ఆఫీసులో కూర్చొని పట్టికలు వేసే నిపుణుడు చదవగలిగినంత చదువుతాడు గాని, గడప దగ్గర నోరు విప్పించలేడు.

ఆ లెక్క పార్టీలోనే కొందరికి గుచ్చుకుంది, అది దాచాల్సిన పని లేదు. వ్యవసాయ సమస్యల మీద 1973లో కేంద్రకమిటీ చేసిన తీర్మానానికి సుందరయ్యగారు వివరణ రాశారు. రైతు ఉద్యమానికి ఇరుసు కూలీలు, పేదరైతులు కావాలని వాదించారు. కాస్త భూమి వున్న రైతు దూరమవుతాడని కూలిరేట్ల సంగతి మాట్లాడకుండా దాటేసే అలవాటును ఆయన ఒప్పుకోలేదు. మన కార్యకర్తల్లో చాలామంది రైతుబిడ్డలే, కూలి పెంచమంటే ముందు వాళ్ళ నాన్నలే పెంచాలి. ఇరుకంతా అక్కడే వుంది. ఆయనా అలాంటి ఇంట్లోంచి వచ్చినవారే గనుక ఈ మాట అనే అర్హత వుంది. వారసత్వంగా వచ్చిన ఆస్తి పార్టీకి ఇచ్చేశారు. లీలగారిని 1943లో పెళ్ళి చేసుకున్నారు, పిల్లలు వద్దని ఇద్దరూ నిర్ణయించుకున్నారు.

విధానాల మీద తేడాలు వచ్చి 1976లో ప్రధాన కార్యదర్శి బాధ్యత నుంచి తప్పుకున్నారు. 1978లో మళ్ళీ గన్నవరం నుంచి గెలిచారు. 1985 మే 19న మద్రాసులో కన్నుమూశారు.

2005-06లో వ్యవసాయ అధ్యయన ఫౌండేషన్ తరపున ఆర్థికవేత్తలు, రైతుసంఘం కార్యకర్తలు కలిసి మూడు ఊళ్ళ సర్వే చేశారు. బుక్కచెర్ల, కొత్తపల్లె, మూడోది అనంతవరం. పెద్ద చదువులు చదివినవాళ్ళూ ఊరివాళ్ళూ కలిసి గడప గడపకూ తిరిగారు. అనంతవరం విషయంలో వాళ్ళు మొదటినుంచి మొదలుపెట్టాల్సిన పని లేకపోయింది, ముప్పయ్యేళ్ళ కిందటి లెక్క చేతిలో వుంది. ఎవరి భూమి ఎటు పోయిందో, కూలి ఎంత పెరిగిందో, కౌలు ఎవరి నెత్తిన పడిందో పోల్చి చూసుకునే వీలు కలిగింది. 2010లో ఆ ఫలితాలు పుస్తకంగా వచ్చాయి.