మూసీ ముందు నిలబడ్డ ఇంజనీరు

సెప్టెంబర్ 15 వచ్చిందంటే ప్రతి ఇంజనీరింగ్ కాలేజీలో తలపాగా పెట్టుకున్న ఒక ఫోటోకి దండ పడుతుంది. ఇంజనీర్స్ డే. ఒక స్పీచ్, ఒక క్విజ్, సమోసాలు, అంతే. ఆ ఫోటోలోని మనిషికీ, తార్నాక నుంచి ఓయూ క్యాంపస్ దాటి అంబర్‌పేట వైపు వెళ్తుంటే మనం ముక్కు మూసుకోవడానికీ సంబంధం ఉందని మాత్రం ఎవరూ చెప్పరు. అది మంచి సంబంధమా చెడ్డదా అంటే, రెండూ.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు 1861లో మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్లిలో పుట్టారు. ఇంటిపేరు మాత్రం మన ఊరిదే. గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం ఆయన పూర్వీకుల గ్రామం. చిన్నప్పుడే తండ్రి పోయారు. బెంగళూరులో ట్యూషన్లు చెప్పుకుంటూ 1881లో బీఏ చేశారు, తర్వాత పూనాలో ఇంజనీరింగ్ చదివి బొంబాయి ప్రభుత్వ పీడబ్ల్యూడీలో చేరారు. సుక్కూరులో సింధు నది బురద నీళ్లను ఊరికి తాగునీరుగా అందించారు. 1903లో పూనా దగ్గర ఖడక్‌వాస్లా డ్యామ్‌కి తను డిజైన్ చేసిన ఆటోమేటిక్ గేట్లు పెట్టించారు. కట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీళ్లు నిలుస్తాయి, మట్టం మరీ పెరిగితే గేట్లు వాటంతటవే తెరుచుకుంటాయి. సెన్సర్లు లేని రోజుల్లో ఇది మామూలు విషయం కాదు.

1908లో ఉద్యోగం వదిలేసి విదేశీ యాత్రలో ఉండగా ఆయనకు నిజాం ప్రభుత్వం నుంచి పిలుపు వెళ్లింది. అదే సంవత్సరం సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ని ముంచేసింది. చనిపోయినవాళ్లు సుమారు 15 వేల మంది అని అంచనా. అఫ్జల్‌గంజ్ ప్రాంతంలో ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. 1909 ఏప్రిల్‌లో విశ్వేశ్వరయ్య గారు హైదరాబాద్ వచ్చారు.

ఆయన పని మొదలుపెట్టిన తీరు చూడాలి. నది ఒడ్డున గోడ ఎత్తుగా కట్టేద్దాం అని వెంటనే అనేయలేదు. అసలు ఇన్ని నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయని అడిగారు. వాన లెక్కలు తీయించారు, ఊరికి ఎగువన ఉన్న చెరువులన్నీ లెక్కపెట్టించారు. మూసీ, ఈసీ పరివాహకంలో 788 చెరువులు ఉంటే 221 తెగిపోయాయని తేలింది. అంటే వాన ఒక్కటే కాదు, ఒక చెరువు కట్ట తెగి కింది చెరువు మీద పడి, అది ఇంకోదాని మీద పడి, గొలుసుకట్టుగా వరద పెరిగింది. ఇవాళ మనం ఫెయిల్యూర్ అనాలసిస్ అని సబ్జెక్టు పెట్టుకుని చదివేది ఇదే.

పరిష్కారంగా ఎగువన రెండు పెద్ద రిజర్వాయర్లు కట్టి వరదను అక్కడే పట్టి ఉంచి, మెల్లగా వదలమన్నారు. నది ఒడ్డులు సరిచేసి పార్కులు వేయమన్నారు. ఊరికి భూగర్భ డ్రైనేజీ కావాలన్నారు. ఆ సంవత్సరం అక్టోబర్‌లో రిపోర్టు ఇచ్చి, మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్లిపోయారు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఒకటి 3.9 టీఎంసీలు, ఇంకోటి 3 టీఎంసీలకు కాస్త తక్కువ. డ్రైనేజీ సలహా కోసం ఆయన తర్వాత కూడా ఇక్కడికి వచ్చారు. 1931లో వ్యవస్థ మొదలైంది, ఐదు లక్షల లోపు జనాభా కోసం.

మైసూరులో ఆయన చేసినవి చాలానే ఉన్నాయి గానీ రెండే చెప్తాను. కృష్ణరాజసాగర్ డ్యామ్ మండ్య పొలాలకు నీళ్లిచ్చింది, కన్నంబాడి ఊరిని ముంచింది. 1912 నుంచి 1918 వరకు దివాన్‌గా ఉన్నప్పుడు తలపెట్టిన భద్రావతి ఇనుప కర్మాగారం 1923లో నడవడం మొదలైంది. దగ్గరలో బొగ్గు గనులు లేవు కాబట్టి బ్లాస్ట్ ఫర్నేస్‌కి కట్టెబొగ్గు వాడారు. కట్టెబొగ్గు అంటే మల్నాడు అడవి. పరిశ్రమలు లేకపోతే దేశానికి దిక్కులేదని గట్టిగా నమ్మిన మనిషి ఆయన. కరువులు చూసినవాడికి ఆ నమ్మకం తప్పని నేను అనలేను. కానీ ఖర్చు రాసిన పట్టికలో రూపాయలు ఉన్నాయి, చెట్లు లేవు.

1955లో భారతరత్న వచ్చింది. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్లు నిండాక పోయారు.

మళ్లీ మూసీ దగ్గరికి వద్దాం. ఆ రిజర్వాయర్ల గొప్పతనం ఏంటంటే, దశాబ్దాల పాటు గండిపేట నీళ్లు పంపు లేకుండా, కేవలం వాలు మీద ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు వచ్చేవి. కరెంటు ఖర్చు లేదు. ఇవాళ కృష్ణా నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పంపులతో పైకెత్తి తెచ్చుకుంటున్నాం. ఏది మోడరన్ టెక్నాలజీ అంటే చెప్పడం కష్టమే.

ఇబ్బంది ఎక్కడుందంటే, వరద ఆపాలంటే రిజర్వాయర్ ఖాళీగా ఉండాలి, తాగాలంటే నిండుగా ఉండాలి. ఊరు పెరిగేకొద్దీ నిండుగా ఉంచడమే ముఖ్యమైంది. పైన నీళ్లు ఆగిపోయాక కింద నదికి మిగిలింది ఏముంది? వానాకాలం దాటితే ఊరి మురుగే. నదికి కూడా కొన్ని నీళ్లు వదలాలనే లెక్క 1909 నాటి ఇంజనీరింగ్‌లో లేదు. ఆయన్ని దానికి తప్పుపట్టడం అన్యాయం. ఆ లెక్క తెలిసిన తర్వాత కూడా ఐదు లక్షల మంది కోసం వేసిన డ్రైనేజీ మీద ఊరిని అడ్డదిడ్డంగా పెంచినవాళ్ల సంగతి వేరు.

1996లో జీవో 111 తెచ్చి రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల వరకు, 84 గ్రామాల్లో పరిశ్రమలను, పెద్ద నిర్మాణాలను ఆపారు. ఆ పరిధిలో నూనె ఫ్యాక్టరీ పెడతామని వచ్చిన ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అందులో పరిశీలించిన నివేదికల్లో ఒకటి మన పక్కనే హబ్సిగూడలో ఉన్న ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలది. 2000లో కోర్టు ఆ ఫ్యాక్టరీకి ఒప్పుకోలేదు. 2022లో ప్రభుత్వం జీవో 69తో పాత ఆంక్షలు తీసేసింది. నగరం ఇప్పుడు ప్రధానంగా ఈ నీళ్ల మీద ఆధారపడటం లేదన్నది కారణం. నిజమే, తాగడానికి ఆధారపడటం లేదు. కానీ కట్టింది మొదట వరద కోసం కదా! 2020 అక్టోబర్‌లో హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తిన రాత్రి కింద ఉన్న కాలనీల వాళ్లకు ఈ సంగతి బాగానే తెలిసింది. పరివాహకంలో నేలంతా కాంక్రీటైతే అదే వాన రిజర్వాయర్‌కి ఇంకా తొందరగా చేరుతుంది. హైడ్రాలజీ మొదటి యూనిట్‌లోనే ఉంటుంది ఇది.

అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల మురుగును శుద్ధి చేసే ప్లాంట్ ఉంది. దాన్ని దాటాక కూడా మూసీ నల్లగానే వెళ్తుంది. పీర్జాదిగూడ అవతల రైతులు ఆ నీళ్లతోనే గడ్డి, వరి పండిస్తున్నారు.