జాన్ స్మీటన్ జీవితము

ఇంగ్లండునకు దక్షిణమున, ప్లిమత్ రేవునకు సుమారు 14 మైళ్ల దూరమున, సముద్రమధ్యమందు ఎడ్డిస్టన్ అను శిలలు కలవు. పోటువేళ నివి చాలవరకు నీట మునుగుటచే అనేక నౌకలు వీనికి తగిలి పగిలినవి. అచ్చట విన్‌స్టన్లీ అను నాతడు 1698లో నిలిపిన దీపస్తంభము 1703 నాటి గాలివానలో నిర్మాతతో గూడ కొట్టుకొనిపోయెను. రెండవ స్తంభము 1755లో అగ్నికి ఆహుతి యయ్యెను. మూడవదానిని గట్టు భారము జాన్ స్మీటనుపై బడెను.

స్మీటన్ 1724 జూన్ 8వ తేదీన లీడ్సు నగర సమీపమున నున్న ఆస్తార్పులో జన్మించెను. తండ్రి న్యాయవాది, కుమారుడును అదే వృత్తి నవలంబింపవలెనని కోరెను. కాని బాలుని మనస్సు పనిముట్లయందే లగ్నమై యుండెను. అతడు లండనులో శాస్త్ర పరికరములు చేయుచు పేరొంది, 1753లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను.

మామూలు సున్నము గాలి తగిలిననే గట్టిపడును. నీటిలో మెత్తబడి కరిగిపోవును. అందుచే స్మీటన్ పలుతావుల సున్నములను దెప్పించి, ఉండలుగా జేసి నీట నుంచి పరీక్షించెను. సున్నపురాళ్లను నత్రికామ్లమున గరగించి చూడగా, బంకమన్ను కలిసిన రాతి సున్నమే నీటిలో గట్టిపడునని తేలెను. అంతకుముందు తెల్లని గట్టిరాయియే శ్రేష్ఠమని పనివారు నమ్ముచుండిరి. అతడు వేల్సులోని అబెర్తా సున్నమును, ఇటలీనుండి వచ్చిన అగ్నిపర్వతపు బూడిదను సమభాగములుగా గలిపి వాడెను. రాళ్లను ఒకదానిలో నొకటి ఇమిడి బిగియునట్లు చెక్కించెను. 1759 అక్టోబరు 16వ తేదీ రాత్రి ఆ స్తంభముపై 24 క్రొవ్వొత్తులు వెలిగెను.

స్మీటన్ 1792లో స్వగ్రామముననే మరణించెను. స్తంభము మాత్రము నూరేండ్లకు పైగా అలల తాకిడి కోర్చెను. తుదకు కోతపడినది దాని క్రింది శిలయే గాని కట్టడము కాదు. 1882లో ప్రక్కశిలపై క్రొత్త స్తంభము వెలిగిన పిమ్మట, పాతదాని పైభాగమును ప్లిమత్ తీరమునకు దెచ్చి నిలిపిరి. మొదలు నేటికిని సముద్రముననే యున్నది.

నేటి కాంక్రీటులోనికి ఉప్పునీరు చొచ్చి, లోపలి యినుపకడ్డీలకు త్రుప్పు పట్టించును. దానిని వారించుటకు సిమెంటులో బొగ్గుబూడిద మున్నగువానిని గలుపుచున్నారు. ఇది స్మీటన్ త్రొక్కిన త్రోవయే.

బాలలారా! లోకము నమ్మిన మాటనైనను స్వయముగ పరీక్షించి చూచిన యొక్కని యోపిక వలన ఎందరు నావికులు సురక్షితముగ నిల్లు చేరిరో యోచింపుడు.