గిరీంద్రశేఖర్ బోస్: మానసిక వైద్యాన్ని ఓపీకి తెచ్చిన డాక్టరు

ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు సుమారు 115 కిలోమీటర్లు. పిల్లవాడికి మాటలు రావడం లేదనో, బడిలో కుదురుగా కూర్చోవడం లేదనో అనుమానం వస్తే ఇక్కడి రైల్వే తెలుగు కుటుంబాలకు చాలాసార్లు ఆ లోకల్ రైలే దిక్కు. కోల్‌కతా పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకుని, డాక్టరుకు చూపించి, చీకటి పడేలోగా బిడ్డతో ఇంటికి తిరిగి రావచ్చు. ఇందులో వింతేముంది అనిపిస్తుంది. కానీ 1933కు ముందు మన దేశంలో ఏ సాధారణ ఆసుపత్రిలోనూ మానసిక వైద్యానికి ఓపీ లేదు. దాన్ని మొదలుపెట్టినవారు గిరీంద్రశేఖర్ బోస్.

ఆయన 1887లో దర్భంగాలో పుట్టారు. తండ్రి చంద్రశేఖర్ బోస్ అక్కడి మహారాజా దగ్గర దివాన్. తొమ్మిదిమంది సంతానంలో గిరీంద్ర ఆఖరివాడు. పరశురామ్ పేరుతో హాస్యకథలు రాసిన రాజశేఖర్ బోస్ ఆయన అన్నే. కలకత్తాలో 1910లో డాక్టరయ్యారు. ప్రాక్టీసు బాగా సాగుతుండగానే మళ్లీ విద్యార్థిగా మారి 1917లో మనస్తత్వశాస్త్రంలో ఎమ్మెస్సీ, 1921లో డీఎస్సీ చేశారు. మరుసటి ఏడాది పార్సీబగాన్ లేన్‌లోని సొంతింట్లోనే ఇండియన్ సైకోఎనలిటికల్ సొసైటీ పెట్టారు. ఫ్రాయిడ్‌తో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపారు, ఒక్కసారీ కలుసుకోలేదు. శిష్యుడిలా తలూపలేదు కూడా. యూరప్ రోగుల్లో ఫ్రాయిడ్ చూసిన కొన్ని లక్షణాలు తన దగ్గరకొచ్చే భారతీయుల్లో అంతగా కనిపించడం లేదని ఆయనకే రాశారు.

ఆ రోజుల్లో మతి సరిగా లేదని ఎవరినైనా ఆసుపత్రిలో చేర్చాలంటే 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టమే ఆధారం. చాలామటుకు మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. అంటే వైద్యం కోసం వెళ్లేవాళ్లు కోర్టు మెట్లెక్కాలి. ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నట్టు ఊరందరికీ తెలియాలి. 1933 మే 1న కార్మైకేల్ మెడికల్ కాలేజీలో బోస్ తెరిచిన ఓపీ ఈ లెక్కను మార్చింది. అదే నేటి ఆర్‌జీ కర్. జ్వరానికి వచ్చినట్టే దీనికీ రావచ్చు, మందు తీసుకుని ఇంటికి పోవచ్చు. నా లెక్కలో ఆయన సిద్ధాంతాలన్నిటికంటే ఈ పనే పెద్దది. 1940లో తిల్జలాలో అన్న ఇచ్చిన స్థలంలో లుంబినీ పార్క్ ఆసుపత్రి, 1949లో బోధాయన అనే పిల్లల బడి వచ్చాయి. ఖరగ్‌పూర్‌కు 40 కిలోమీటర్ల దూరంలోని ఝార్‌గ్రామ్‌లో గిరిజాభూషణ్ ముఖర్జీ 1930ల్లోనే బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు బోధనా నికేతన్ పెట్టారు. బెంగాల్‌లో గాలి అటు వీస్తున్న కాలమది.

అయితే ఇక్కడొక చిక్కుంది. బోస్ మన దేశానికి తెచ్చిన మనోవిశ్లేషణే తర్వాత అమెరికాలో తల్లుల మీద నింద మోపింది. ఆటిజం గురించి లియో కానర్ 1943లో రాశారు. తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే బిడ్డ అలా ముడుచుకుపోతాడనే వాదాన్ని బ్రూనో బెట్టెల్‌హైమ్ 1967 నాటి పుస్తకంతో ఇంటింటికీ చేర్చారు. ఆ వాదం తప్పని తేలి దశాబ్దాలైంది. అయినా పెంపకం సరిగా లేదనే మాట ఇప్పటికీ అత్తగారి నోటా, బడి టీచరు నోటా వినిపిస్తూనే ఉంది. బోస్ 1953లోనే పోయారు కాబట్టి ఆ పాపం ఆయనది కాదు. కానీ ఆయన శాస్త్రానికి ఆ మచ్చ మిగిలింది.

ఓపీ దాకా వెళ్లాక ఖరగ్‌పూర్ తల్లిదండ్రులకు మరో గోడ అడ్డొస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఆసుపత్రిలో బెంగాలీ. పరీక్ష బెంగాలీలో పెడితే పిల్లవాడికి రానిది భాషా, తెలివా అన్నది తేలదు. యూరప్ కొలతలు ఇక్కడ అలాగే సరిపోవని బోస్ ఫ్రాయిడ్‌కు రాసింది ఇలాంటి చోటే గుర్తొస్తుంది. ఇంటి భాష ఏమిటో మొదటి చీటీలోనే రాయించుకోవడం మేలు.

రైల్వే ఉద్యోగులు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. వైకల్యం ఉన్న బిడ్డను ప్రధానంగా చూసుకునే ప్రభుత్వోద్యోగి మామూలు బదిలీల నుంచి మినహాయింపు కోరవచ్చని కేంద్ర సిబ్బంది శాఖ 2014 జూన్‌లో ఉత్తర్వు ఇచ్చింది. పాలనాపరమైన ఇబ్బంది లేకపోతేనే ఇస్తారు. దరఖాస్తుకు వైకల్య ధ్రువపత్రం జతచేయాలి. ఆ పత్రం కోసం తిరగాల్సిందీ మళ్లీ ఓపీ చుట్టూనే.