గుడ్డుకు ధర.. పిల్లకు ప్రాణం: బి.వి.రావు

సంగారెడ్డి: పటాన్‌చెరు పరిశ్రమల వాడ దాటితే జిల్లాలో కోళ్ల షెడ్లు కనిపిస్తాయి. హేచరీ నుంచి దిగే ఒక్కరోజు పిల్లలపైనే ఆ రైతుల అప్పూ, ఆశా ఆధారపడి ఉంటాయి. దేశంలో పిల్లల ఉత్పత్తిని ఆధునిక పరిశ్రమగా మలచినవారిలో అగ్రగణ్యులు డాక్టర్ బండా వాసుదేవరావు. బి.వి.రావుగా ప్రసిద్ధులు.

1935లో జన్మించిన ఆయన చిన్న కోళ్ల ఫారంతో ఈ రంగంలో అడుగుపెట్టారు. 1971లో హైదరాబాద్‌లో వెంకటేశ్వర హేచరీస్‌ను స్థాపించారు. మేలుజాతి పిల్లల ఉత్పత్తితో మొదలైన ఆ సంస్థ క్రమంగా దాణా, టీకాలు, వ్యాధి నిర్ధారణకూ విస్తరించింది.

బూజుతో ముప్పు

ఈ జాగ్రత్తలన్నీ ఒకచోట చేరవలసిన అవసరం బూజు తెగులు విషయంలో స్పష్టమవుతుంది. ఆస్పర్‌జిల్లస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే ఈ వ్యాధిని బ్రూడర్ న్యుమోనియా అంటారు. పగిలిన, మురికి గుడ్డు ద్వారా పొదిగే యంత్రంలోకి చేరిన బూజు రేణువులు పిల్లల ఊపిరితిత్తుల్లో స్థిరపడతాయి. పిల్లలు నోరు తెరచి రొప్పుతూ మరణిస్తాయి. సోకిన తరువాత ఫారాల్లో చేయదగిన చికిత్స దాదాపు లేదు. శుభ్రమైన గుడ్లను ఎంపిక చేయడం, యంత్రాలను క్రిమిరహితం చేయడం, షెడ్డులో పొడి ఊక పరచడం, తడిసిన ఊకను వెంటనే తొలగించడమే మార్గం.

దాణాలోని బూజూ ప్రమాదకరమే. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు వేరుశనగ పిండిలోని బూజు విషంతో మరణించాయి. ఆ విషమే అఫ్లాటాక్సిన్. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్ దీనిపై విస్తృత పరిశోధనలు జరిపింది.

ధర కోసం ఉద్యమం

పిల్ల బతికి గుడ్డు పెట్టినా, 1980 దశకం ఆరంభంలో రైతుకు పెట్టుబడి సైతం దక్కలేదు. ధరను వ్యాపారులే నిర్ణయించేవారు. రావు ఊరూరా తిరిగి రైతులను కూడగట్టారు. 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ఏర్పడింది. రైతులు నేటికీ చూసుకునే ‘నెక్’ ధర ఆ కృషి ఫలితమే.

కేంద్ర ప్రభుత్వం 1990లో ఆయనను పద్మశ్రీతో సత్కరించింది. 1996లో ఆయన కన్నుమూశారు.

గుడ్డు ధర నేడు రైతుకు ముందే తెలుస్తోంది. ఆ ధర చేతికందాలంటే మాత్రం పిల్ల బతకాలి. అందుకు జాగ్రత్త హేచరీలోనే మొదలుకావాలి.