కస్తూర్బా: ఒక ఇల్లాలి కథ

గాంధీగారి గురించి మన పిల్లలకి ఎంతో కొంత తెలుసు. ఆయనతో అరవై ఏళ్ళకు పైగా కాపురం చేసిన కస్తూర్బా గురించి అడిగితే మాత్రం పెద్దవాళ్ళమే తడుముకుంటాం. విదేశంలో సంసారం చేస్తున్న మనం తప్పక తెలుసుకోవలసిన జీవితం ఆవిడది.

కస్తూర్బా 1869లో పోరుబందరులో ఒక వ్యాపారి ఇంట పుట్టారు. భర్త కన్నా కొన్ని నెలలు పెద్ద. బడికి వెళ్ళలేదు. చిన్న వయసులోనే పెళ్ళయింది. తొలి బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే పోయింది. 1888లో భర్త లండన్ చదువుకి వెళ్ళేనాటికి చంకలో పసివాడు హరిలాల్. తరవాత మణిలాల్, రామదాస్, దేవదాస్ పుట్టారు.

1896 చివర్లో పిల్లలతో దక్షిణాఫ్రికాకి ఓడ ఎక్కారు. డర్బన్ రేవులో మూడు వారాలకు పైగా దిగనివ్వలేదు. 1897 జనవరిలో దిగిన రోజే తెల్లవాళ్ళ గుంపు గాంధీగారిని కొట్టింది, తలదాచుకున్న ఇంటిని చుట్టుముట్టింది. అప్పుడు ఆవిడ గర్భవతి. ఆ ఊళ్ళోనే ఒకసారి, అతిథి మూత్రపు కుండ ఎత్తడానికి ఆవిడ ఇబ్బంది పడితే, గాంధీగారు కోపంతో గేటు దాకా లాక్కెళ్ళారు. పరాయి దేశంలో నా అన్నవాళ్ళు లేనిదాన్ని ఎక్కడికి పొమ్మంటారని ఆవిడ నిలదీస్తే ఆయన సిగ్గుపడ్డారు. ఈ సంగతి ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు.

1913 మార్చిలో అక్కడి కోర్టు ఒకటి, క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్ళిళ్ళు చెల్లవని తీర్పు చెప్పింది. నాలాగా ఎమ్మెస్ కి వచ్చి, ఉద్యోగంలో చేరి, ఇండియా వెళ్ళి పెళ్ళి చేసుకొచ్చినవాళ్ళకి వీసా కోసం మ్యారేజ్ సర్టిఫికెట్ పట్టుకుని తిరగడం అనుభవమే. ఆ కాగితం చెల్లదంటే మన ఇల్లాలి గతేమిటో ఒక్కసారి ఊహించండి. మద్రాసు రేవు నుంచి కూలికి వెళ్ళిన మన తెలుగువాళ్ళ కాపురాలకి కూడా ఆ తీర్పు వర్తించింది. అప్పటి దాకా వంటింట్లో ఉన్న కస్తూర్బా, ఆ సెప్టెంబరులో పదహారు మంది తొలి దళంతో అనుమతి లేకుండా సరిహద్దు దాటి అరెస్టయ్యారు. మూడు నెలల కఠిన శిక్ష. బయటికి వచ్చేసరికి ఎముకల గూడులా ఉన్నారు. 1914లో చట్టం మారింది, మనవాళ్ళ పెళ్ళిళ్ళకి గుర్తింపు వచ్చింది.

ఇండియాకి వచ్చాక ఆశ్రమంలో అందరికీ ఆవిడ బా, అంటే గుజరాతీలో అమ్మ. సొంత ఇంట్లో మాత్రం కడుపుకోత తప్పలేదు. పెద్ద కొడుకు హరిలాల్ తండ్రితో తెగతెంపులు చేసుకుని తాగుడికి బానిసయ్యాడు. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో కోడలు పోతే, తల్లిలేని మనవల్నీ మనవరాళ్ళనీ ఈ నాయనమ్మే అక్కున చేర్చుకుంది. తండ్రీకొడుకుల మధ్య నలుగుతూనే కొడుకు మీద ప్రేమ చంపుకోలేదు.

1942 ఆగస్టు 9న గాంధీగారిని అరెస్టు చేస్తే, అదే రోజు ఆయన బదులు బొంబాయి సభలో మాట్లాడబోతూ ఆవిడా అరెస్టయ్యారు. పూనాలోని ఆగాఖాన్ భవనంలో నిర్బంధం. 1944 ఫిబ్రవరి 22న, శివరాత్రి నాటి సాయంత్రం, భర్త ఒడిలో తల పెట్టుకుని ఖైదీగానే కన్నుమూశారు. గాంధీగారు వడికిన నూలుతో నేసిన చీరలోనే దహనం జరిగింది. ఆవిడ సమాధి ఆ ఆవరణలోనే ఉంది.

2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. బడి మొహం చూడని ఆవిడ పేరు మీద ఈనాడు పేదింటి ఆడపిల్లలు చదువుకుంటున్నారు. ఈసారి గాంధీ జయంతికి మన పిల్లలకి తాతగారి కథతో పాటు ఈ నాయనమ్మ కథ కూడా చెబుదాం.