టాల్బట్ దొరయు లేకాక్ గ్రామమును

ఇంగ్లండు దేశమున విల్ట్‌షైరు మండలములో, ఏవన్ నదీతీరమున లేకాక్ అను చిన్న పల్లె కలదు. నాలుగు వీధులు చదరముగా కూడుకొన్న ఊరు అది. ఒక పురాతనమైన చర్చి, పూర్వము రైతులు పన్నుగా నిచ్చు ధాన్యము నిలువచేసిన పెద్ద కొట్టు, కొయ్యదూలముల నడుమ మెత్తిన గోడలును రాతిపలకల కప్పులును గల ఇండ్లు. చూచువారికి కనబడునది ఇంతియే. ఇండ్లలో పెక్కులు పదునెనిమిదవ శతాబ్దమునాటివి, కొన్ని యంతకంటెను పూర్వపువి. ఆ పాతదనము చెడక నిలిచియుండుటచేత కెమేరాలు చేతబట్టుకొని వచ్చువారు ఏటేట అక్కడకు పెక్కుమంది వత్తురు. ఇండ్ల ఫొటోలు తీసికొని పోవుదురు. కాగితముమీద ఫొటో తీయు విద్యకు పుట్టినిల్లు ఆ యూరే యని వారిలో అందరును ఎరుగరు. ఆ విద్యను కనిపెట్టిన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ చరిత్రమును మా చదువరులకు చెప్పదలచితిమి.

టాల్బట్ 1800 సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన జన్మించెను. పుట్టిన కొన్నినెలలకే తండ్రి మరణించెను. తండ్రి మిగిల్చిన ఆస్తికంటె అప్పులే ప్రబలముగా నుండెను. తల్లి ఎలిసబెత్తు గొప్ప వంశమున బుట్టినది, మిక్కిలి తెలివిగలది. ఆమె ఎస్టేటును చక్కబెట్టి, కుమారుని చదువువిషయమై ఎంతయు శ్రద్ధ వహించెను. బాలుడు హారో పాఠశాలయందును, పిమ్మట కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలయందును చదివి, గ్రీకు కవిత్వమునకు బహుమానమును, గణితమున ఉన్నతస్థానమును సంపాదించెను. భాషలు, గణితము, వృక్షశాస్త్రము, వెలుతురునుగూర్చిన శాస్త్రము, అన్నిటియందును ఆయనకు ప్రవేశము కలదు. ఒక్క చిత్రలేఖనము మాత్రము చేతకాలేదు. ఈ లోపమే ఆయన కీర్తికి కారణమైనది.

లేకాక్ ఆబీ యను వారి గృహమునుగూర్చి ఒకమాట చెప్పవలెను. సాలిస్బరీ ప్రభువుపత్ని ఈలా యను వితంతువు 1232లో సన్యాసినులకొరకు కట్టించిన మఠమది. మూడువందల సంవత్సరములకు పైగా అట్లే జరిగినపిదప, ఎనిమిదవ హెన్రీ రాజు మఠములను రద్దుచేయగా, 1539లో అదియు మూతబడెను. మరుసటి యేడు దానిని కొన్న షారింగ్టన్ అను నతడు అందలి చర్చిని పడగొట్టించెను గాని, స్తంభముల వసారాలను మాత్రము పాడుచేయక, వానిపైననే తన నివాసగృహమును కట్టించుకొనెను. కాలక్రమమున అది టాల్బట్ వంశమువారికి సంక్రమించినది. మన టాల్బట్ 1827లో అందు కాపురముండ మొదలిడెను. 1832లో కాన్‌స్టెన్స్ అను కన్యను వివాహమాడెను. మొదటి బిడ్డకు ఆ మఠస్థాపకురాలి పేరే, ఈలా యని, పెట్టుకొనిరి.

1833 అక్టోబరులో దంపతులు ఇటలీ దేశమున కోమో సరస్సునొద్ద నుండిరి. భార్యయు చెల్లెండ్రును కొండలను నీటిని చూచి చక్కగా చిత్రించుచుండగా, టాల్బట్ ఒక గాజుపట్టకము గల యంత్రమును ముందుంచుకొని, కాగితముపై గనబడు ఛాయవెంట పెన్సిలు నడుప యత్నించెను. కన్ను యంత్రమునుండి తొలగించి చూచునప్పటికి కాగితముమీద పిచ్చిగీతలు తప్ప మరేమియు లేవు. చీకటిపెట్టెలో కటకముద్వారా కాగితముపై బడు ఆ సుందరమైన బొమ్మ తనంతట తానే యేల నిలిచిపోరాదు? వెలుతురు తగిలి రంగుమారు పదార్థములు లేకపోలేదుకదా! ఈ తలంపు ఆయనను విడువలేదు.

ఇంటికి వచ్చినపిమ్మట 1834లో పరీక్షలు ఆరంభించెను. మంచి వ్రాతకాగితమును ఉప్పునీట తడిపి ఆరబెట్టి, దానిపై సిల్వర్ నైట్రేటు ద్రావకమును పూయగా, కాగితమున సిల్వర్ క్లోరైడు ఏర్పడును. అది ఎండ తగిలిన నల్లబడును. దానిపై ఒక ఆకునుగాని అల్లికగుడ్డనుగాని పరచి, గాజుపలక నుంచి, ఎండలో పెట్టినచో ఆకుక్రింద మాత్రము తెల్లగా నిలుచును. తరువాత గాఢమైన ఉప్పునీట ముంచిన బొమ్మ కొంతవరకు చెడకుండును. ఆకులతో సిద్ధించినది ఇండ్లతో సిద్ధింపవలెనన్న వెలుతురు చాలలేదు. అందుచేత ఆయన చిన్నచిన్న కొయ్యపెట్టెలు చేయించి, పొట్టి నాభ్యంతరముగల కటకములను వానికి బిగించెను. బొమ్మ చిన్నదైనకొలది వెలుగు కేంద్రీకృతమై త్వరగా పనిచేయునుగదా. ఈ పెట్టెలు ఇంటిచుట్టును అచ్చటచ్చట పెట్టియుండుట చూచి, భార్య వానికి ఎలుకబోనులని హాస్యముగా పేరుపెట్టినది.

1835 ఆగస్టులో తీసిన బొమ్మ యొకటి నేటికిని నిలిచియున్నది. లేకాక్ ఆబీ దక్షిణపు గదిలో, గోడనుండి వెలుపలికి పొడుచుకొనివచ్చిన అద్దాల కిటికీ బొమ్మ అది. పరిమాణమున తపాలాబిళ్ళకంటె ఎంతయు పెద్దది కాదు. భూతద్దముతో చూచిన కిటికీలోని అద్దములు ఇన్నూరువరకు లెక్కింపవచ్చునని టాల్బట్ దానిప్రక్కన వ్రాసియుంచెను. అందు వెలుగున్నచోట నలుపును, నీడయున్నచోట తెలుపును కనబడును. ఇదియే నెగెటివు. ప్రపంచమున మిగిలియున్న కెమేరా నెగెటివులలో ఇంతకు పాతది మరియొకటి లేదు. నెగెటివును మరియొక పూతకాగితముపై నుంచి ఎండలో పెట్టినచో వెలుగునీడలు సరియగుననియు, ఒక నెగెటివునుండి ఎన్ని ప్రతులనైన తీయవచ్చుననియు ఆయన అప్పుడే గ్రహించెను.

ఇంతటి దానిని గ్రహించియు ఆయన లోకమునకు చాటలేదు. మరికొంత మెరుగుపరచి ప్రకటింతమని తలంచి, గణితములోనికిని ప్రాచీన భాషలలోనికిని మరలిపోయెను. మూడేండ్లకుపైగా పెట్టెలు అటకపై నుండిపోయినవి. 1839 జనవరి 7వ తేదీన పారిస్ నగరమున డాగేరు అను నతడు వెలుగుచేత బొమ్మలు నిలుపు విధమును కనిపెట్టెనని ప్రకటింపబడెను. అది తన విధమే యేమో, తన యేండ్ల శ్రమ యంతయు ఇతరుని పేరు బడునేమో యని టాల్బట్ ఎంత తల్లడిల్లియుండునో మనము ఊహింపవచ్చును. ఆ నెల 25వ తేదీనాడే లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనున తన బొమ్మలను ప్రదర్శింపజేసి, 31న రాయల్ సొసైటీకి వ్యాసమును సమర్పించెను. తీరా తెలిసినదేమన, డాగేరు విధము వేరు. వెండిపూత పూసిన రాగిరేకుపై నిలుచు ఆతని బొమ్మ అతిసూక్ష్మమైనది, మిక్కిలి అందమైనది. అయినను ఒకటికి రెండవ ప్రతి లేదు. టాల్బట్ బొమ్మ కొంచెము మసకగా నుండును గాని దానికి సంతానము కలదు. సొగసున డాగేరుదే పైచేయి యని మేమును ఒప్పుకొందుము. అయినను తరువాతి నూటయేబదియేండ్ల ఫిలిములకు దారిచూపినది టాల్బట్ కాగితమే.

ఆ సంవత్సరముననే ఆయన మిత్రుడు జాన్ హెర్షెల్ బొమ్మను స్థిరపరచుటకు హైపో యను లవణము వాడుమని తెలిపెను. 1840 సెప్టెంబరులో మాచికాయలనుండి లభించు గాలిక్ ఆమ్లముతో పరీక్షించుచుండగా, ఏమియు కనబడని కాగితముపై కొంతసేపటికి బొమ్మ తేలివచ్చుట టాల్బట్ చూచెను. గంటసేపు పట్టిన పని కొద్ది నిమిషములలో, మంచి యెండలో అంతకంటెను త్వరగా, జరుగసాగెను. ఈ విధమునకు గ్రీకుభాషలో అందమను అర్థముగల పదమునుబట్టి కాలోటైపు అని పేరుపెట్టెను.

అటుపై ఆయన తీసిన చిత్రములు మాకు మిక్కిలి ఇష్టములు. ఆయన పారిస్, ఆక్స్‌ఫర్డు, స్కాట్లండు మొదలగు చోట్లకు కెమేరాతో వెళ్ళినను, మనసునకు హత్తుకొనునవి ఇంటివద్ద తీసినవే. గడ్డివామికి చేరవేసిన నిచ్చెన, మఠపు వసారాలలోని స్తంభముల నీడ, బీరువాలోని పింగాణీ సామాను, ఇవి ఆయనకు చిత్రవస్తువులు. ఒక చిత్రమున రాతిద్వారము సగము తెరచియున్నది. గడపకు వాలుగా చీపురుకట్ట, ప్రక్కన లాంతరు, గుఱ్ఱపు కళ్ళెము. మనుష్యుడు లేడు. ఊడ్చువారు ఇప్పుడే లోనికి పోయినట్లుండును. 1844 మొదలు 1846 వరకు ఆరు సంచికలుగా ఆయన ప్రకటించిన ది పెన్సిల్ ఆఫ్ నేచర్ అను గ్రంథమున ఇట్టివి ఇరువదినాలుగు చిత్రములు చేతితో అతికింపబడినవి. ఆయన సేవకుడుగా నుండిన హెన్నెమన్, రెడింగు పట్టణమున ఇందుకై శాల పెట్టి, ప్రతులు సిద్ధపరచెను. వానిలో కొన్ని కాలక్రమమున వెలిసిపోయినవి.

ఇక ఆయనపై నిందగా నిలిచిన సంగతి యున్నది. 1841లో కాలోటైపునకు పేటెంటు పొంది, లైసెన్సు లేనిదే ఇంగ్లండులో నెవరును దానిని వాడరాదని కట్టుబాటు చేసెను. శ్రమపడినవాడు ఫలము కోరుట తప్పనజాలము. అయినను విద్యకు కలిగిన ఆటంకము కనబడుచునేయున్నది. పేటెంటు వర్తింపని స్కాట్లండునందు హిల్, ఆడంసన్ అను నిద్దరు ఎడింబరో పట్టణమున కాలోటైపుతోనే అపూర్వములైన చిత్రములను తీయుచుండిరి. 1852లో పెద్దలు కోరగా, అమ్మకపు రూపచిత్రములకు దక్క తక్కిన హక్కులను ఆయన వదలుకొనెను. 1851లో ఆర్చరు ప్రకటించిన గాజుపలకల విధమునుకూడ తన హక్కులో చేర్చుకొనజూచి, 1854లో లారోష్ అను నతనిపై నడపిన వ్యాజ్యమున ఓడిపోయెను. కాలోటైపు సృష్టికర్త టాల్బటే యనియు, గాజుపలకల విధమునకు ఆ హక్కు చెల్లదనియు జూరీవారు తీర్మానించిరి. మాకు అది న్యాయమనియే తోచుచున్నది.

ఆయన అంతటితో చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. చిత్రములను లోహపురేకులపై చెక్కి సిరాతో అచ్చువేయు మార్గములు వెదకెను. 1857లో ఆయనయు మరి ముగ్గురు పండితులును వేరువేరుగా అస్సీరియా శాసనమొకటి చదివి సీలువేసి పంపగా, నాలుగు అనువాదములును ముఖ్యాంశములలో ఏకీభవించి, ఆ లిపి చదువబడినదని రుజువైనది. అదే కాలమున మన దక్షిణదేశమున ట్రైపు అను సైనికోద్యోగి మధుర మొదలగు తావుల ప్రాచీన కట్టడములను కాగితపు నెగెటివులతోనే చిత్రించుచుండెను. 1858లో మద్రాసు మ్యూజియమునందున్న మన అమరావతి శిల్పములను ఫొటో తీసినవాడును ఆయనయే.

టాల్బట్ 1877 సెప్టెంబరు 17వ తేదీన లేకాక్ ఆబీయందే కాలధర్మము చెందెను. ఆ యూరి శ్మశానముననే పూడ్చబడెను. ఆయన మనుమరాలు మెటిల్డా 1944లో ఆబీని, గ్రామమునుకూడ, నేషనల్ ట్రస్టు అను సంస్థకు దానముచేసినది. అందుచేతనే ఆ పాత ఇండ్లు పడగొట్టబడక నిలిచినవి. వానిలో జనులు నేటికిని కాపురముండుచున్నారు. ఆబీ వాకిటనున్న పాతకొట్టమున 1975లో ఆయన పేర మ్యూజియము తెరువబడెను. ఇన్నూరు అద్దముల కిటికీ మాత్రము దాని గోడనే, దాని చోటనే యున్నది.