అన్నమయ్య తొలి కొండయాత్ర

తాళ్ళపాక అన్నమాచార్యులవారు 1408లో, రాజంపేట సమీపమునగల తాళ్ళపాకలో నారాయణసూరి, లక్కమాంబ దంపతులకు జన్మించిరి. మనుమడు చిన్నన్న ద్విపదలో రచించిన చరిత్రమే వారి బాల్యమునకు మనకు ఆధారము.

ఎప్పుడును పాడుకొనుచుండు బాలుని ఇంటివారు మందలించి పశువులకు గడ్డి తెమ్మని పంపిరి. కొడవలి చిటికెనవ్రేలిని కోసెను. నెత్తురు చూచినంతనే ఈ బంధువులు తనకేమగుదురని తోచి, కొడవలి అక్కడనే విడిచి, తిరుపతి యాత్రికుల వెంట నడచిపోయెను.

కొండదారిలో మోకాళ్ళపర్వతముకడ ఆకలికి సొమ్మసిల్లి, వెదురుపొద నీడను చెప్పులతోనే ఒరిగెను. అలమేలుమంగమ్మ పెద్దముత్తైదువయై వచ్చి, పాదరక్షలు విడిచి ఎక్కుమని చెప్పి, ప్రసాదము తినిపించెనట. నేడును పెక్కురు భక్తులు ఆ మెట్లు వట్టికాళ్ళతోనే ఎక్కుదురు గదా! ఆకలి తీరిన బిడ్డ అచ్చటనే అమ్మపై శతకము చెప్పెను.

కొండపై ఘనవిష్ణువను వైష్ణవయతి పంచసంస్కారములొనర్చెను. స్మార్తుల ఇంటి బిడ్డ వైష్ణవుడాయెను. వెదకుచు వచ్చిన తల్లి కంటనీరు పెట్టినను కుమారుడు కదలడాయెను. తుదకు గురువాజ్ఞచేతనే మరలెను.

స్వామి ఆనతిచ్చినది పదునారవయేట, 1424లో అని రాగిరేకు తెల్పుచున్నది. ఆనాటినుండి 1503లో పరమపదించువరకు పాడినవి 32,000 సంకీర్తనలని ప్రతీతి. మనకు దక్కినవి అందులో సగమైనను కావు.